ఊక సంచుల వ్యోమగాములు

మీరు నవ్వారు. మా సైన్సు టీచరుగారు పోయిన ఆదివారం కన్నుమూశారని చెబితే, "ఎవరూ, పిల్లల్ని ఐసు ఫ్యాక్టరీలో పెట్టిన ఆవిడేనా?" అని మన ఊళ్ళో అందరూ నవ్వారు. నవ్వండి, ఆవిడా నవ్వేవారు. కానీ బళ్ళో ఆవిడ గదిని విరిగిన బెంచీలతో నింపి తాళం వేసిందీ బడి కమిటీ పెద్దలైన మీరే. అందులో నవ్వడానికేముంది?

ఏటా ఏడో తరగతిలో ఆరుగురిని సూర్యుడికి ఎంతో దూరాన గడ్డకట్టిపోయిన గ్రహానికి పంపేవారు ఆవిడ. గ్రహమంటే రైలుగేటు అవతలి ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు దాచే గది. తయారీకే నెల పట్టేది. "అక్కడ నీళ్ళన్నీ గడ్డకట్టి ఉంటాయి. దిగగానే ఏం చేస్తారు?" అని మా జట్టుని అడిగారు. కాలవగట్టు పిల్లలం కదా, "లాకులెత్తి నీళ్ళు వదిలేస్తామండీ!" అన్నాం ఒక్క గొంతుతో. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వారు. "ఏ గ్రహానికెళ్ళినా మీరు గోదావరి జిల్లా వాళ్ళేర్రా!"

కెప్టెన్ ఎవరో చీటీ తీసి తేల్చేవారు. నేను వెళ్ళిన ఏడాది అది మా పొలంలో నాట్లేసే కూలీ కూతురికి వచ్చింది. మర్నాడే మా నాన్న బడికి వచ్చారు.

"మావాడు దాని మాట వినడమేంటండీ, టీచరుగారూ?"

"అక్కడ పొలాల్లేవండీ. ఉన్నదల్లా చలే. చలేస్తే మీవాడే వింటాడులెండి."

అక్కడి చలికి తొడుక్కునే సూట్ల సంగతి తేల్చింది ఆ కెప్టెనే. "ఐసు కరక్కుండా ఊక కప్పుతారు కదండీ? బయటి వేడిని రానివ్వంది, మన వేడిని మాత్రం పోనిస్తుందా?" టీచరుగారు సుద్దముక్క ఆ పిల్ల చేతిలో పెట్టి, తాను వెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు. గోనెసంచుల మధ్య ఊక కూరి సూట్లు కుట్టాం. నేను మాత్రం తొడుక్కోలేదు. నాకు స్వెట్టరుంది. పైగా, చెప్పింది ఆ అమ్మాయి.

ఐసు గదిలో పది నిమిషాలకే నా పళ్ళు టకటకలాడాయి.

"సంచి తొడుక్కో" అంది కెప్టెన్.

"తొడుక్కోను."

"చచ్చిపోతే పాతడానికి ఇక్కడ మన్ను కూడా లేదు. తొడుక్కో!"

తొడుక్కున్నాను. ఒళ్ళంతా దురద, కానీ వెచ్చగా ఉంది. "సరే, కెప్టెన్" అన్నాను. తర్వాత నేను నేర్చిన రాజకీయమంతా ఆ దురదలోంచి పుట్టిందే.

మేం లోపల ఉన్నంతసేపూ టీచరుగారు బయట స్టూలు మీద కూర్చుని, ఇనప తలుపు మీద చెంచాతో కొట్టేవారు. అది భూమి నుంచి కబురు. మేం తిరిగి కొడితే బాగున్నట్టు. కొట్టకపోతే తలుపు తీసేసేవారు.

మొన్న చర్చిలో టీచరుగారి చివరి ప్రార్థనయ్యాక కెప్టెన్ పలకరించింది. "ఇంకా దురద పెడుతోందా?" అని నవ్వించింది. ఇప్పుడు ఆ బళ్ళో సైన్సు చెప్పేది తనే. ఈ ఏడు పిల్లల్ని పంపాలని గది తాళం అడిగితే మీరు ఇవ్వలేదట. పిల్లలకు జలుబు చేస్తుందట. ఇళ్ళల్లో రోజంతా ఏసీ కింద కూర్చునే పిల్లలకు!

కాబట్టి అడుగుతున్నాను. బతిమాలడం లేదు.

గది తాళం ఈ వారమే కెప్టెన్‌కి ఇవ్వండి.

బెంచీలు బయట పడేయండి. వాటి కిందున్న సూట్లలో కొత్త ఊక నింపండి.

కెప్టెన్ ఎవరో చీటీయే చెప్పాలి. నాన్నలు బడికి రాకూడదు.

పిల్లలు గ్రహం మీద ఉన్నంతసేపూ మీలో ఒకరు ఆ ఇనప తలుపు పక్కన, స్టూలు మీద, చెంచా పట్టుకుని కూర్చోవాలి. కొట్టాలి. లోపలి నుంచి జవాబు వచ్చిందా లేదా అని చెవి ఆనించి వినాలి.