లుక్కాలో ఓబుళేశన్న సుత్తి

బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీల్లో ఓబుళేశన్న పేరు తెలియనివాడు ఉంటే వాడు నిన్నగాక మొన్న వచ్చినవాడై ఉండాలి. అరచేతిలో ఇమిడే సుత్తితో రాతిని తట్టి, లోపల పగులుందో లేదో చెప్పేస్తాడు. ఖంగుమంటే మంచి రాయి, డొల్లగా మోగితే పగులు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన వద్దన్న రాయిని మా ఫ్యాక్టరీలో ఎవరూ మిషను మీదికి ఎక్కించలేదు.

మనిషికి మాత్రం ఈమధ్య పొగరెక్కువైంది. వెనకనుంచి పిలిస్తే పలకడు. ఫోను ఎత్తడు, పెళ్ళాం చేతికిస్తాడు. రాయి చూసేటప్పుడు మాత్రం నేను ఎదురుగా ఉండాల్సిందే. "ప్రసాదూ, ఆ పక్క గాదు, రాయికి అవతల పక్క నిలబడప్పా" అంటాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. పని నేర్పిన మనిషి, నిలబడమంటే నిలబడ్డాను.

పోయిన సెప్టెంబరులో మా ఓనరు హర్షవర్ధన్ సారు మా ఇద్దరినీ ఇటలీకి తీసుకుపోయాడు. అక్కడి పాలరాయి దిమ్మలు కొని తెచ్చి, కర్నూలు దగ్గర కొత్త ఫ్యాక్టరీ పెట్టాలని ఆయన పట్టుదల. సోమవారం యార్డులో ఓబుళేశన్న దిమ్మలు తట్టి చూడాలి. ఆయన సరేనంటే కొంటారు, కొత్త ఫ్యాక్టరీకి ఆయనే పెద్ద మేస్త్రీ. పగులున్న రాయి ఒక్కటి కొనిపించినా ఇంటికి పంపేస్తారు. ఈయన నాన్న, పెద్ద సారున్నప్పుడు తప్పు చేస్తే తిట్టి ఊరుకునేవాడు, ఈ చిన్న సారు తిట్టడు కూడా.

శని ఆదివారాలు పని లేదు. రైలెక్కితే గంటలో లుక్కా అని పాత ఊరొకటి వస్తుందన్నారు. అడుగడుక్కీ చర్చిలేనట. ఆదివారం ఆరాధన మానని ఇంట్లో పుట్టినవాణ్ణి, నేనాగుతానా? రానంటున్న అన్నను లాక్కుని పోయాను. ఊరి చుట్టూ కోటగోడ, ఆ గోడ మీదే చెట్లు, సైకిళ్ళు తొక్కే పిల్లలు. అన్న వంగి చూసి పెదవి విరిచాడు. "ఇటుకరాయి గదప్పా! దీన్ని సూసేకి ఇంత దూరం తీసకొస్తివా?" అన్నాడు. శనివారమంతా ఆ ఇటుకల గురించి నన్ను ఆడిపోసుకుంటూనే ఉన్నాడు.

రాత్రికి అక్కడే గది తీసుకుని, ఆదివారం మధ్యాహ్నం ఒక చిన్న చర్చిలోకి పోయాం. లోపల పదిహేనుమంది ఉంటారేమో, చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. నేను మోకరించి కళ్ళు మూసుకున్నాను. టక్. టక్. కళ్ళు తెరిస్తే, అన్న పాలరాతి స్తంభం దగ్గర నిలబడి సుత్తితో తడుతున్నాడు! సుత్తి గదిలోనే పెట్టి రమ్మని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. జేబులో వేసుకొచ్చాడు.

కాపలా ముసలాయన అరిచాడు. మళ్ళీ అరిచాడు. మూడోసారి ఆయన అరుపుకి జనమంతా లేచి నిలబడ్డారు. ఆయనకు వీపు పెట్టి నిలబడ్డ అన్న తట్టడం ఆపలేదు. "అన్నా!" అని నేనూ గొంతు చించుకున్నాను. తిరగలేదు. అప్పుడు తెలిసింది నాకు. ఇన్నాళ్ళూ మేం పొగరనుకున్నది పొగరు కాదు. ప్రభువా, ఈ మనిషికి వినపడదు!

ముసలాయన వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. సుత్తి చూసి ఇంకా కేకలేశాడు. పది నిమిషాల్లో ఇద్దరు పోలీసులు దిగారు. వాళ్ళ భాష మాకు రాదు, మా భాష వాళ్ళకు రాదు. సారు మాటలు తర్జుమా చేయడానికి పెట్టుకున్న నంద్యాల అమ్మాయి భువన అక్కడే చదువుకుంటోంది. ఆమెకు ఫోన్ చేసి పోలీసుకిచ్చాను. మాట్లాడాక ఫోను నా చేతికొచ్చింది.

"అన్నా, మూడుసార్లు వద్దన్నా ఆపలేదంట. కావాలనే పాడుచేస్తాండాడని కేసు రాస్తామంటాండారు. ఎందుకు ఆపలేదో చెప్పండి, త్వరగా. ఇంకోటి, సారు దగ్గర నేను దాచలేను. నాకు జీతమిచ్చేది ఆయనే."

ఎందుకు ఆపలేదని అడుగుతున్నారని అన్నకు చెప్పాను. నాకు తెలిసిపోయిందని నా మొహం చూసి పట్టేసి, నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ప్రసాదూ, నా చెవుల సంగతి మాత్రం చెప్పొద్దప్పా. మిషన్ల రొదకు పోయి మూడేండ్లాయ. నోర్లు సూసి మాటలు పట్టుకుంటాండా. సారుకు తెలిస్తే నా బతుకు గోవిందా!"

"మరి ఈడ ఎందుకు కొడ్తివన్నా?"

"ఈడ మిషన్లు లేవు గదా. శానా నిమ్మళంగా ఉండాది గదా. ఒక్కసారన్నా వినపడుతుందేమోనని..."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్పకపోతే స్టేషను, చెబితే పని పోవడం. పోలీసు ఒకడు అన్న భుజం మీద చెయ్యి వేశాడు. నేను ఫోను చెవిన పెట్టుకుని, నా నోరు అన్నకు కనబడకుండా గోడవైపు తిరిగాను.

"భువనా, ఆయనకు చెవుడు. మూడేళ్ళుగా ఏమీ వినపడదు."

గొంతు తగ్గించకుండానే అన్నాను. రెండడుగుల దూరంలో అన్న తువ్వాలు మెలిపెట్టుకుంటూ నిలబడే ఉన్నాడు. ఆయనకు తెలియలేదు. నా బతుకులో ఇంతకన్నా సిగ్గుమాలిన పని నేను చేయలేదు.

భువన మళ్ళీ పోలీసులతో మాట్లాడింది. వాళ్ళు స్తంభం తడిమి చూశారు, గీత కూడా పడలేదు. సుత్తి తిరిగిచ్చి పొమ్మన్నారు.

రైల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. అన్న మొహం తేటపడింది. "ఏం చెప్పినావప్పా, ఇడిసిపెట్న్యారు?"

"రాయి సూసి ముచ్చటపడినాడని చెప్పినా."

"నా పరువు నిలబెడితివి" అని చేతులు జోడించాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అప్పుడే సారు ఫోను. "భువన చెప్పింది. రేపు రాయి నువ్వే చూడు ప్రసాద్. ఆయన సంగతి ఊరికి పోయినాక చూద్దాం" అని పెట్టేశాడు.

"ఏమంటాండాడు సారు?" అన్నాడు అన్న.

ఆయనకు అందేలా నోరు బాగా తెరిచి చెప్పాను. "తిన్న్యారా అని అడిగినాడన్నా."

ఆయన నా మొహంకేసి చూశాడు. తర్వాత జేబులోంచి సుత్తి తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు మూశాడు.

"మూడేండ్ల నుంచి రాయి తట్టి, నీ మొగం సూసి చెప్తాండానప్పా. డొల్లగా మోగితే నీ కనుబొమలు ముడుసుకుంటాయి. ఇప్పుడు గూడా ముడుసుకున్యాయి."

నేను నోరు తెరవబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"రేపు నువ్వే తట్టు. నేను రాయికి అవతల పక్క నిలబడతాలే."