కాటా వేసేదాకా పిల్లలు ఎక్కరు

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతిని మా వాళ్ళు ఇప్పటికీ హాస్యకథలా చెప్పుకుంటారు. అందులో నవ్వవలసిందేమిటో నాకు ఏనాడూ బోధపడలేదు. అందుకే చూసింది చూసినట్టు చెబుతున్నాను.

ఎనభైల్లో మేము న్యూజెర్సీలో, పిస్కాటవేలో ఉండేవాళ్ళం. నాకు పదేళ్ళు, తమ్ముడు ఇంకా చిన్నవాడు. ఆ వేసవిలో నాన్న స్నేహితుడు ఒకాయన తన ట్రైలర్‌ను మాకు వాడుకోమని ఇచ్చాడు. మేము ఆయన్ను అంకుల్ అనేవాళ్ళం. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లు అది. లోపల పడకలు, పొయ్యి, నీళ్ళ ట్యాంకు అన్నీ ఉన్నాయి. దానితో వర్జీనియా కొండలకు వెళ్ళాలని నాన్న సంబరం.

పక్కింటి అమెరికన్ ఆవిడ ఏటా అలాంటి బండి తీసుకుని ఊళ్ళు తిరిగేది. అమ్మ ఆవిడ దగ్గరకు వెళ్ళి అన్నీ అడిగి తెలుసుకుంది. బరువైన సామాను ట్రైలర్ చక్రాలకు ముందువైపు, నేలమీద సర్దాలట. వెనక పెడితే బండి తోకలా ఊగుతుందట. అలా ఊగితే బ్రేకు తొక్కకూడదట. అంతా ఎక్కించాక లారీలు తూచే కాటా మీద తూయించి, తలుపు పక్కన రాసి ఉన్న బరువు దాటలేదని చూసుకున్నాకే దూరం వెళ్ళాలట.

బయలుదేరే రోజు పొద్దున అమ్మ ఇదంతా చెప్పింది. నాన్న, అంకుల్ అప్పటికే వెనక భాగమంతా నింపేశారు. బియ్యం బస్తా, రాతి గ్రైండరు, కూల్‌డ్రింకుల పెట్టెలు, అంకుల్ ఇనప పొయ్యి అన్నీ అక్కడే. ట్యాంకు నిండా నీళ్ళు కూడా.

"ఇదేమన్నా పత్తి బేళ్ళ లోడా వదినా, కాటా వేయించడానికి?" అని అంకుల్ పకపకా నవ్వాడు.

"డ్రైవ్ చేసేది నేను. నువ్వు ఊరికే టెన్షన్ పడకు" అన్నాడు నాన్న. అమ్మ మమ్మల్ని కారెక్కించింది.

పెన్సిల్వేనియాలో ఒక పెద్ద దిగుడు దగ్గర, మమ్మల్ని దాటిపోతున్న లారీ గాలికి ట్రైలర్ ఊగడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తరవాత మా కారు వెనక భాగాన్నే అటూ ఇటూ ఈడ్చేంతగా. నాన్న బ్రేకు తొక్కగానే అది ఇంకా రెచ్చిపోయింది. పక్క లేన్‌లోకి జారిపోయాం. వెనకనుంచి హారన్లు. తమ్ముడు ఏడవడం కూడా మరిచిపోయి నా చెయ్యి పట్టుకున్నాడు. "బ్రేక్ వద్దు! స్టీరింగ్ గట్టిగా పట్టుకోండి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి!" అని అమ్మ అరిచింది. ఎలాగో బండి నెమ్మదించింది. నాన్న తరవాతి ఎగ్జిట్ తీసుకుని లారీలు ఆగే ఒక ట్రక్ స్టాప్‌లో ఆపాడు.

నాన్న దిగి ట్రైలర్ చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "ఏదో గాలి. కాఫీ తాగి వెళ్దాం" అన్నాడు.

అమ్మ మమ్మల్నిద్దర్నీ దించి, షాపు ముందు అరుగుమీద కూర్చోబెట్టి, తనూ కూర్చుంది. ఆమె ముఖం అంత ఎర్రబడగా నేనెప్పుడూ చూడలేదు.

"అదిగో కాటా. తూయించండి. అప్పటిదాకా పిల్లలు ఎక్కరు."

"అందరూ చూస్తున్నారు. నాటకాలాడకు."

"చూడనివ్వండి. నా పిల్లల్ని పణం పెట్టి మీ పరువు కాపాడలేను."

నాన్న బతిమాలాడు, కసిరాడు, కాసేపు అలిగి కారులో కూర్చున్నాడు. ఎండ నెత్తికెక్కింది. అమ్మ కదల్లేదు. చివరికి ఆయన బండిని కాటా మీదికి ఎక్కించాడు. అక్కడ బరువు రాసిచ్చిన చీటీ చేత్తో పట్టుకుని, ట్రైలర్ తలుపు దగ్గర నిలబడి, అక్కడ రాసి ఉన్న అంకె కేసి చాలాసేపు చూశాడు. బరువు చాలా ఎక్కువైంది. అందులోనూ ఉన్నదంతా వెనకే.

నాన్న అంకుల్‌కు ఫోన్ చేశాడు. ఆయన వ్యాన్ వేసుకుని వచ్చేలోపు ట్యాంకులో నీళ్ళు వదిలేశాం. గ్రైండరు, ఇనప పొయ్యి, సగం సామాను వ్యాన్‌లోకి మారాయి. మిగిలినదాన్ని అమ్మ తన చేతులతో ముందుకు సర్దింది. మళ్ళీ తూయించాం. ఆ తరవాత వర్జీనియా దాకా ట్రైలర్ నీడలా మా వెంట వచ్చింది. క్షమించమని మాత్రం ఎవరూ అనలేదు.

పైగా వేళాకోళం మొదలైంది. ఎవరింట్లో భోజనాలకు కలిసినా, "మా వదిన పెన్సిల్వేనియాలో ధర్నా చేసిందండోయ్!" అని అంకుల్ అందుకునేవాడు. అందరూ పగలబడి నవ్వేవారు. వాళ్ళతోపాటు నాన్న నవ్వడం నాకు అన్నిటికంటే మండేది. ఒకసారి ఇంటికి వచ్చాక, "నీకు కోపం రాదా?" అని అమ్మను నిలదీశాను.

"ఎందుకు రాదు? ఇప్పటికీ ఉంది" అంది అమ్మ. "కానీ వాళ్ళు నవ్వుతారని ఆ రోజు ట్రక్ స్టాప్‌లో నేను నోరు మూసుకుని మళ్ళీ కారెక్కి ఉంటే? నవ్వనీ. నవ్వడానికి అందరం మిగిలాం."

నాకు మనవలు వచ్చే వయసైంది. ఆ కోపాన్ని చల్లారనివ్వాలని నాకు లేదు. కూడదని తోచినచోట నలుగురిలో నిలబడి కూడదనే అంటాను. గొడవమనిషి అని పేరొస్తే రానీ. ఆ ట్రైలర్ కథ ఎవరైనా మొదలుపెడితే, నెరిసిన జుట్టుతో పక్కనే కూర్చున్న మా తమ్ముణ్ణి చూపించి అడుగుతాను: "వీడు ఈ రోజు ఇక్కడ లేకపోతే, ఇది ఎలా చెప్పేవారు?"