ఆ ఒక్క చెక్క

ఉప్పల్‌లోని ఒక లేబొరేటరీలో లెక్కలు కట్టే దేవసహాయం రోజూ నాచారం నుంచి గూడ్సు పట్టాల మీదుగానే నడిచి వెళ్లేవాడు. చంకలో కాగితాల కట్ట, చేతిలో టిఫిన్ డబ్బా, పట్టాల కింద అడ్డంగా పరిచిన స్లీపరు చెక్కకొక అడుగు. కాలం నీళ్లలా పారదని, ఈ చెక్కల్లా తునకలు తునకలుగా ఉంటుందని అతని పట్టుదల. "ఏ చెక్క మీద నిలబడ్డా ముందటా ఎనకా ఒక్కతీరే గదా? క్షణాలు గూడ గంతే. అందుకే నిన్నటి సూత్రం రేపు గూడ నడుస్తది. ఎటు జరిగినా మారకుండుడు, గా సౌష్ఠవం పుట్టింది ఈడికెల్లే," అని, సాయంత్రం సిగ్నల్ కంబం దాకా ఎదురొచ్చే భార్య విక్టోరియాకు చెప్పేవాడు. ఆమె నవ్వి డబ్బా అందుకునేది.

పంతొమ్మిది వందల అరవై ఏడు వానాకాలంలో ఆమె జ్వరంతో పోయింది. చర్చివాళ్లు వచ్చి ఇంట్లో ప్రార్థన చేసిన ఆదరణ కూటం అయ్యాక, చెంగిచెర్ల నుంచి వచ్చిన అక్క పాపమ్మ అడిగింది: "ముందటా ఎనకా ఒక్కటే అంటివి గద తమ్మీ, మరి విక్టోరియా ఎనకకు వస్తదా?"

"లెక్కల అయితే వస్తదక్కా," అన్నాడు దేవసహాయం, చేతిలోని ఖాళీ డబ్బా మూత తీస్తూ, పెడుతూ.

మర్నాడు పనికి పోయాడు. సాయంత్రం తిరిగొస్తూ కంబం దగ్గర ఆగి, ఆమె నిలబడే చెక్కను పెద్ద అంగ వేసి దాటాడు. చెక్కలన్నీ ఒకటేనని అందరితో వాదిస్తూనే, బతికినన్నాళ్లూ ఆ ఒక్కదాని మీద కాలు పెట్టలేదు.