చుట్టాల సోఫా

మా ఎదురుగది అక్క సంగతి చెప్పాలంటే ముందు మా మేడలో ఉండే సోఫా సంగతి చెప్పాలి. అది కింద గదిలో సోఫాలకు గుడ్డలు మార్చే మేస్త్రిది. ఎవరో బాగుచెయ్యమని ఇచ్చి, ఈలోగా కొత్తది కొనుక్కుని, దీన్ని మళ్లీ తీసుకెళ్లలేదు. మేస్త్రి దానికి ముదురెరుపు గుడ్డ తొడిగి, పైన ప్లాస్టిక్ కవరు కప్పాడు. ఎవరింటికి చుట్టాలొస్తే ఆ ఇంటికి సోఫా ఎక్కేది, వాళ్లు వెళ్లగానే దిగేది. మా మేడవాళ్లు ఎవరూ దానిమీద కూర్చోలేదు. కవరు చిరిగితే ఎవరు కొనిస్తారు?

అక్కకు పెద్ద హోటల్లో పక్కలు మార్చే పని. ఒక్క ముడత లేకుండా దుప్పటి పరిచి, ఏనుగు పడుకున్నా చోటు మిగిలే మంచాలు సర్ది వస్తుంది. ఇంట్లో మాత్రం తనూ, మొగుడూ, ఇద్దరు పిల్లలూ పొయ్యికీ గోడకీ మధ్య పడుకుంటారు. ఒకరు పక్కకు తిరగాలంటే నలుగురూ తిరగాలి. ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అంటారు గానీ, ఆ ఇంట్లో మర్కటం ఎవరైనా ఉంటే అది మా బావే.

బావ ఎవరిదో కారు నడుపుతాడు. తెల్లచొక్కా నలగనివ్వడు. మేమంతా ఆయన్ని దొరగారు అంటాం, ఆయన అది గౌరవం అనుకుంటాడు. పిల్లల ఫీజు వాయిదా వేసి మరీ ఫోను మార్చిన మనిషి. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె!

ఇలా ఉండగా ఓనరు మేడ పడగొట్టి పెద్దది కడతానని, అందర్నీ ఖాళీ చెయ్యమన్నాడు. చుట్టుపక్కల అద్దెలు అడిగితే కళ్లు తిరిగాయి. ఊరి చివరకి పోతే గది దొరుకుతుంది, కానీ అక్క డ్యూటీ తెల్లారకముందే మొదలవుతుంది. ఆ వేళకి అక్కడి నుంచి బస్సు లేదు. ఇల్లు మారితే ఉద్యోగం పోయినట్టే. మిగిలిన ఆశల్లా ఒక్కటే. హోటల్ వెనకవీధిలో ఇళ్ల ఆఫీసువాళ్లు రెండు గదుల చిన్న ఫ్లాట్లు కట్టి, తక్కువ వాయిదాల మీద లేనివాళ్లకి ఇస్తున్నారు. మేడలో అందరం అర్జీలు పెట్టుకున్నాం. ఆఖరుగా ఆఫీసువాళ్లు చెప్పకుండా వచ్చి ఇల్లు చూస్తారు. ఖరీదైన సామాను కనబడిందా, పేరు కొట్టేస్తారు.

ఇంకేముంది, మా మేడ రాత్రికి రాత్రే పేదదైపోయింది. ఫ్రిజ్‌లు దుప్పట్లు కప్పుకున్నాయి. నేను నా పెద్ద టీవీని పాత చీరలో చుట్టి మంచం కిందకి తోశాను.

"ఇన్నాళ్లూ ఉన్నట్టు కనబడటానికి చచ్చాం, ఇప్పుడు లేనట్టు కనబడటానికి చస్తున్నాం" అని అక్క పకపకా నవ్వింది.

సరిగ్గా అప్పుడే బావ వాళ్ల అక్కగారు ఆదివారం వస్తున్నానని ఫోన్ చేసింది. అక్కకి ఆడపడుచు, మేడ మొత్తానికి భయం. పోయినసారి చెప్పకుండా వచ్చి చాప మీద కూర్చుంటూ, "కుర్చీకి గతిలేదు, మా తమ్ముడి సంపాదన ఏ గంగలో కలుస్తోందో" అంది. ఆ మాట బావకు ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది.

"ఇప్పుడు సోఫా వద్దండీ" అంది అక్క. "ఎరువు సొమ్ము బరువు చేటు. ఆఫీసువాళ్లు వచ్చారంటే కొంప మునుగుతుంది."

"ఆదివారం ఆఫీసువాళ్లెందుకొస్తారే? నా పరువు సంగతి చూడవా?" అని బావ మేస్త్రితో సోఫా పైకి ఎక్కించాడు. నా దగ్గరకొచ్చి టీవీ అడిగాడు. ఇవ్వనంటే పిసినారి అంటారని ఇచ్చాను. సోఫా పెట్టాక తలుపు సగమే తెరుచుకుంది, అడ్డంగా తిరిగి లోపలికి దూరాల్సి వచ్చింది.

ఆడపడుచు వచ్చి, కూర్చుని, ప్లాస్టిక్ కవరు చేత్తో నిమిరింది. "ఇన్నాళ్లకి ఇల్లనిపించావురా" అంది. బావ మొహం చేటంతయింది. ఆ మాట పూర్తయిందో లేదో, ఆఫీసు మేడమ్ ఫోను చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆదివారమే!

"ఈ సోఫా ఎవరిది?"

అక్క కళ్లతోనే బతిమాలింది. కానీ పక్కన తోడబుట్టింది చూస్తోందాయె. బావ చొక్కా సర్దుకుని, "మాదే మేడమ్. మొన్ననే కొన్నాం. టీవీ కూడా" అన్నాడు.

మేడమ్ ఫొటో తియ్యడానికి ఫోను ఎత్తింది. అక్క ఆ ఫోనుకీ సోఫాకీ మధ్యకి వెళ్లి నిలబడింది. "కాదు మేడమ్. ఇందులో ఏదీ మాది కాదు. చుట్టాలొస్తున్నారని అడిగి తెచ్చుకున్నాం. సోఫా కింద మేస్త్రిది, టీవీ ఎదురుగది పిల్లది." ఆడపడుచు ఎదురుగా ఆ మాట అనడానికి ఆమె ప్రాణం ఎంత చచ్చిందో నాకు తెలుసు.

మేడమ్ గుమ్మం దగ్గర మూగిన మా వైపు తిరిగింది. "మేస్త్రి ఎవరు? ఇది మీదేనా?"

మేస్త్రి కూడా ఫ్లాటుకి పెట్టుకున్నాడు. తన సోఫాని ఎన్నడూ చూడనట్టు చూసి, "నాదెందుకవుతుందండీ" అన్నాడు.

మేడమ్ నా వైపు చూసింది. నాకు మాత్రం ఇల్లు అక్కర్లేదా? "మా ఇంట్లో టీవీయే లేదండీ" అనేశాను. అక్క నా వైపు ఒక్క చూపు చూసింది. తిట్టినా బాగుండేది.

మేడమ్ మళ్లీ ఫోను ఎత్తింది. అప్పుడు సోఫా మీంచి ఆడపడుచు లేచింది.

"ఆగమ్మా. సోఫా నాది, టీవీ నాది. మా ఇంటికి రంగులు వేయిస్తున్నామని ఇక్కడ పెట్టించాను. వీడు నోరు విప్పితే గొప్పలే, వీడి మాట పట్టుకోకండి."

మేడమ్ మా అందరి మొహాలూ చూసింది. ఆవిడేం తెలివితక్కువది కాదు. "సరే. మీదైతే మీ ఇంటికి పట్టుకెళ్లండి. పై అంతస్తు చూసి వస్తాను. వచ్చేసరికి గదిలో ఏముంటే అదే ఫొటో తీస్తాను" అంది.

సోఫాను ఒక కొస బావ పట్టుకున్నాడు, తెల్లచొక్కా మాసిపోయింది. రెండో కొస మేస్త్రి పట్టుకున్నాడు. తన సోఫాని తనే మోసి ఆడపడుచు పిలిపించిన బండి ఎక్కించిన మేస్త్రిని నేను ఇంకెక్కడా చూడలేదు. నా టీవీ ఆడపడుచు ఒళ్లో కూర్చుని వెళ్లింది. మేడమ్ దిగి వచ్చేసరికి గదిలో పొయ్యీ, చాపా, దండెం మీద బట్టలూ ఉన్నాయి.

అక్కకి ఫ్లాటు వచ్చింది. మాకూ వచ్చింది. సంతోషం సర్దుకోగానే మేస్త్రీ నేనూ బావ ప్రాణం తోడటం మొదలుపెట్టాం. ఇల్లు సరేనయ్యా, మా సామాను మాటేంటి? చివరికి నలుగురం కలిసి వెళ్లాం. బావ తోడబుట్టినదాని ఇంటికి వెళ్లి ఏళ్లయింది. రమ్మంటే కదా! "నేనే వస్తాలే, మీకెందుకు శ్రమ" అనేదట ఎప్పుడూ.

దుకాణం వెనక, మెట్ల కింద గది. సోఫా కాళ్లు ఊడదీసి లోపలికి దూర్చారు. ఆ గోడ నుంచి ఈ గోడ దాకా అదే, నేల కనబడటం లేదు. ఒక కొసన మనవరాలు నిద్రపోతోంది, ఇంకో కొసన కోడలు కూరలు తరుగుతోంది. నా టీవీ మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి.

"ఇదేంటక్కా? ఎప్పుడూ చెప్పలేదే!" అన్నాడు బావ.

"ఏం చెప్పమంటావురా? ఇక్కడ కాళ్లు చాపుకునే చోటు లేకే కదా నీ దగ్గరకొచ్చేది. ఊరికే వస్తే నా బతుకు తెలిసిపోతుందని, కుర్చీ లేదు, మర్యాద లేదు అని నాలుగు మాటలనేదాన్ని."

మేస్త్రి తెచ్చిన తాడు సంచిలోంచి తియ్యలేదు. "ఉండనివ్వండమ్మా, చంటిది పడుకుంది" అన్నాడు. నేను మాత్రం నా టీవీ తెచ్చుకున్నాను, ఎందుకు దాచాలి? అది లేకపోతే వాళ్లకి తువ్వాళ్లు ఆరేసుకోడానికి ఇబ్బందేమో గానీ, వాయిదాలు కట్టింది నేను.

అక్క ఆడపడుచు చెయ్యి పట్టుకుంది. "ఫ్లాటులోకి దిగగానే రండి వదినా. రెండు గదులు. ఈసారి మీకోసం నిజంగానే ఒక సోఫా కొంటాం."

ఆవిడ ఆ చెయ్యి గట్టిగా నొక్కింది. "కొనకే తల్లీ" అంది. "కొంటే నేను పడుకునే చోటు పోతుంది."