చివరి రెండు తూటాల దగ్గర

మా ఎదురింటి కింది గదిలో తుపాకులు బాగుచేసే మేస్త్రి ఉన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే గది, అదే ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల. నోటికి పని తక్కువ, బొటనవేలికి ఎక్కువ. తూటాలు నింపే మ్యాగజైన్‌లో వేలు పెట్టి ఒక్క నొక్కు నొక్కాడంటే స్ప్రింగు వయసెంతో చెప్పేస్తాడు. కూరగాయల సంచీతో పోతూ పోతూ నేను గుమ్మంలో ఆగి, "మేస్త్రీ, అదేం చేస్తుంది?" అంటాను. "మీరు ఇంటికెళితే బాగా పనిచేస్తుంది అక్కగారూ" అంటాడు. నేను వెళ్ళను.

ఆ సోమవారం మా ఆడపడుచు కూతురు ముఖం కందగడ్డలా చేసుకుని వచ్చింది. బ్యాంకు దగ్గర పిస్తోలు పెట్టుకుని కాపలా కాసేది అదే. ఏడాదికోసారి కాల్పుల పరీక్ష ఉంటుంది. ఈసారి పిస్తోలు రెండుసార్లు ఇరుక్కుందట. పరీక్ష పెట్టే సారు, "పిస్తోలుది కాదు తప్పు, పట్టుకునే చెయ్యి వదులు" అని కాగితం మీద రాసేశాడట.

"గురువారంలోగా తప్పు పిస్తోలుదని తేలితేనే మళ్ళీ పరీక్ష పెడతారత్తా. లేదంటే పిస్తోలు లాక్కుని స్కూటర్ల దగ్గర నిలబెడతారు."

"ఏడుస్తావేంటే, మేస్త్రి ఉండగా!" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. పిస్తోలు ఆఫీసు బీరువాలోనే ఉంటుంది. మా పిల్ల చీటీ రాయించుకుని ఖాళీ మ్యాగజైన్ మాత్రం తెచ్చింది.

మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే నాకు ఆగలేదు. "ఎన్నో తూటా దగ్గర ఆగిందే?"

"ఏడు పడతాయత్తా. రెండుసార్లూ ఐదు పేలాయి, ఆరోది ఇరుక్కుంది."

మేస్త్రి చటుక్కున తలెత్తాడు. "రెండుసార్లూ ఆరోదేనా? చెయ్యి వదులైతే ఎక్కడ పడితే అక్కడ ఆగుతుంది అమ్మాయ్. లెక్కపెట్టుకుని ఆగదు!"

మందులేని నమూనా తూటాలు ఏడు తీసి నింపాడు. ఒక్కొక్కటే బయటికి తోస్తున్నాడు. నేను బల్ల మీదికి వంగిపోయాను. ఐదు చక్కగా వచ్చాయి. ఆరోది నిద్రొచ్చిన పిల్లాడిలా ముక్కు కిందికి వాల్చేసింది.

"అదిగో వంగింది!" అని అరిచాను.

"నిండుగా ఉన్నప్పుడు స్ప్రింగు బిగువుకి నిలబడుతుంది అక్కగారూ. రెండే మిగిలేసరికి బండారం బయటపడుతుంది. పొడుగు మ్యాగజైన్ అయితే కాస్త సర్దుకుపోయేది. ఈ పొట్టిదానికి ఓర్పు లేదు."

అడుగు మూత జార్చి స్ప్రింగు బయటికి తీశాడు. ముందువైపు లేవాల్సిన కొస వెనకవైపుంది. ఎవరో తిరగేసి పెట్టారు.

"ఎవడా చేతకానివాడు?" అన్నాను.

మేస్త్రి మూత లోపలివైపు చూపించాడు. సన్నగా గీసిన గీత. వాళ్ళ ఆఫీసు పిస్తోళ్ళు తుడిచేదీ తనే, తుడిచిన ప్రతిదానికీ అలా గీత పెట్టుకుంటాడు.

"నేనే" అన్నాడు. "పాత రకానికి ఇలాగే పెట్టాలి. చెయ్యి అలవాటుకొద్దీ పెట్టేసింది. కన్ను చూడలేదు."

గమ్మున తిప్పేసి ఇస్తే ఎవరికి తెలుస్తుంది? కానీ అప్పుడు మా పిల్లకి మళ్ళీ పరీక్ష ఎవరు పెడతారు? మేస్త్రి స్ప్రింగుని మళ్ళీ ఆ తప్పు వైపుకే పెట్టి, చొక్కా మార్చుకున్నాడు. "పదండి, కాల్పుల మైదానానికి. సారు కళ్ళతోనే చూడాలి."

ఆటోలో నేనూ ఎక్కాను. దిగమని ఎవరూ అనలేదు, అన్నా దిగేదాన్ని కాదు.

మైదానంలో సారు నవ్వాడు. "తప్పు పిస్తోలు మీదికి నెడుతున్నారా?"

"మీరే పేల్చి చూడండి సారూ" అన్నాడు మేస్త్రి.

ఆఫీసు నుంచి అదే పిస్తోలు తెప్పించి, చప్పుడు తగలకుండా మాకు చెవులకు డిప్పలు పెట్టి కంచె వెనక నిలబెట్టారు. ఢాం, ఢాం... ఐదు. ఆరోదానికి టక్‌మని ఆగింది! సారు ముఖం చూడాలి. డిప్పలు తీసేసి అడిగాను, "మీ చెయ్యి కూడా వదులేనా నాయనా?"

సారు పక్కన కాగితాలు రాసే గుమాస్తా నవ్వు దాచుకోడానికి దగ్గు తెచ్చుకున్నాడు.

మేస్త్రి అందరి ముందూ స్ప్రింగు సరిగ్గా తిప్పి పెట్టాడు. మా పిల్ల నిలబడింది. నా గుండె పిస్తోలు కంటే ముందే పేలుతోంది. ఐదు, ఆరు, ఏడు! కాగితం బొమ్మ నడిమధ్య ఏడు చిల్లులు! నేను కంచె పట్టుకుని గంతేస్తే చెప్పు ఒకటి ఎగిరిపోయింది.

సారు పాత రాత కొట్టేసి, "కారణం ఏం రాయమంటావు?" అని మేస్త్రిని అడిగాడు.

"మరమ్మతు తప్పు అని రాయండి, కింద నా సంతకం పెడతాను. ఈ నెల నేను తుడిచిన మ్యాగజైన్లు ఇంకా పదకొండున్నాయి సారూ. ఇవాళే అన్నీ కొట్టుకి పంపించండి."

"మేస్త్రీ, వాటి మూతలు నేను తీసిపెట్టనా?" అన్నాను.

"వద్దన్నా వస్తారుగా అక్కగారూ, రండి" అని ఆటో వైపు నడిచాడు.