మా బాపు చెవుల సంగతి

నా చిన్నప్పుడు, నాకు పదేళ్లు నిండీ నిండని రోజుల్లో, మా బాపుకు, అంటే మా నాన్నకు, చెవులు సరిగ్గా వినిపించడం లేదన్న సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. అవ్వ, అంటే మా అమ్మ, పిలిస్తే పలకకపోవడం మా క్వార్టర్లలో మగవాళ్ళందరికీ ఉన్న జబ్బే కాబట్టి ఆమెకు అనుమానం రాలేదు. నాకు మాత్రం ఆ వానాకాలంలో ఒకరోజు తెలిసిపోయింది. బాపు వెనక నిలబడి కొత్త చెప్పులు కావాలని గునిసి గునిసి, ఆయన ఉలకకపోయేసరికి ఏడ్చి, ఆ ఏడుపు కూడా వినపడక ఆయన తీరిగ్గా బీడీ ముట్టించుకుంటుంటే, ముందుకు వచ్చి ఆయన ముఖంలోకి చూశాను. నా కన్నీళ్ళు చూసి ఆయన ఉలిక్కిపడ్డాడు. తర్వాత ఆయన నా గడ్డం పట్టుకుని, "అవ్వకు చెప్పకు బిడ్డా, ఉత్తగ పరేషాన్ అయితది," అన్నాడు. నేను చెప్పలేదు. మర్నాడు మంచిర్యాల బజారు నుంచి చెప్పులు కూడా వచ్చాయి.

మాది గోదావరి దగ్గరి బొగ్గు బాయిల మధ్య క్వార్టర్ల బస్తీ. బాయి అంటే మావైపు నీళ్ళ బావి ఒక్కటే కాదు, బొగ్గు గని కూడా. బాపు పని భూమి లోపల. బొగ్గును మందుపెట్టి పేల్చాక, పొగ తగ్గగానే అందరికంటే ముందు లోపలికి పోయేది బాపూ, ఆయన జోడీ అయిన మా పక్కింటి మామా. పైకప్పును పొడుగాటి కర్రతో తట్టి చూడాలి. గట్టి కప్పైతే ఖంగుమంటుంది. లోపల పగులు ఉంటే డొల్లగా పలుకుతుంది. డొల్ల ఉన్నచోట రాయిని కూలదోయాలి, లేదంటే కింద దుంగలు నిలబెట్టాలి. వాళ్ళిద్దరూ బాగుంది అన్నాకే మిగతావాళ్ళు బొగ్గెత్తడానికి కప్పు కిందికి వచ్చేవాళ్ళు. అంటే పదిమంది తలకాయలు బాపు చెవుల మీద ఆధారపడి ఉండేవి. ఇది నేను ఇప్పుడు అంటున్న మాట. అప్పుడు నాకు ఇంత తెలివి లేదు.

అప్పుడు నాకు ఉన్నదంతా గర్వమే. ఇంట్లో బాపు చెవులు నేనే అయిపోయాను. తలుపు కొడితే ఆయన మోచెయ్యి తాకేదాన్ని. షిఫ్టు సైరన్ కూస్తే ఆయన ముందు నుంచి నడిచిపోయేదాన్ని. అవ్వ వంటింట్లోంచి ఏదైనా అడిగితే, "అవ్వ నూనె తెమ్మంటుంది బాపూ," అని పెదవులు కనబడేటట్టు చెప్పేదాన్ని. ఆయన గబుక్కున లేచి సంచి అందుకునేవాడు. మా ఆయన ఈ మధ్య మాట వింటున్నాడని అవ్వ మురిసిపోయేది కూడా.

ఇక నేను చేసిన అసలు ఘనకార్యం చెప్పాలి. బాయిలో పనిచేసేవాళ్ళకు అప్పుడప్పుడు డాక్టరు పరీక్ష ఉండేది, మెడికల్ అనేవాళ్ళు. అందులో అన్‌ఫిట్ అంటే పని పోతుందని, క్వార్టర్ ఖాళీ చేయాలని బస్తీలో పెద్ద భయం. బాపు ఆ రోజు బడి మాన్పించి నన్ను వెంట తీసుకుపోయాడు. డాక్టరు గదిలో ఒక బల్ల ఉంది, దాని మీద కూర్చోమని నాకు సైగ చేసి, సరిగ్గా నాకు ఎదురుగా నిలబడ్డాడు. డాక్టరు ఆయన వీపు వెనక నాలుగడుగుల దూరంలో నిలబడి చిన్న గొంతుతో అంకెలు చెప్పసాగాడు. దారిలో అనుకున్నట్టే, ఏడు అంటే నేను ఒళ్ళో ఏడు వేళ్ళు చాపాను. బాపు "ఏడు" అన్నాడు. మూడు, తొమ్మిది, నాలుగు. బయట వరుసలో ఇంకా ముప్పైమంది ఉన్నారు, డాక్టరుకు తొందర. బాపు అంత పెద్ద మనిషి అడ్డంగా ఉంటే నా వేళ్ళు డాక్టరుకేం కనబడతాయి? కాగితం మీద ముద్ర పడింది. వచ్చేటప్పుడు బాపు నన్ను సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని దారంతా పాట పాడాడు, చెవిటివాడి పాట ఎట్లుంటుందో అట్ల.

ఆ రాత్రి నుంచే నాకు ఏదో కాలు నిలవనితనం మొదలైంది. ఎందుకో తెలియదు. బాపు మొదటి షిఫ్టుకు పోయాక బడిలో కూర్చుంటే ఒంటి మీద చీమలు పాకినట్టుండేది. ఎక్కడ చప్పుడైనా కిటికీ వైపు చూసేదాన్ని. పలక మీద రాసింది తుడిచి మళ్ళీ రాసేదాన్ని. పంతులమ్మ రెండుసార్లు చెవి మెలేసింది.

చలికాలం మొదట్లో, పత్తి ఏరే రోజుల్లో, మా తాతయ్య వచ్చాడు. అవ్వకు తండ్రి. ఆయనా ఒకప్పుడు బాయిలో కప్పు తట్టిన మనిషే. పని మానుకున్నాక బోథ్ దగ్గర సొంతూరికి పోయి చేను చేసుకుంటున్నాడు. వస్తూ వస్తూ అవ్వకు దీపం వత్తులకని చిన్న మూట పత్తి తెచ్చాడు. తాతయ్య చూపు చెడ్డది, అంటే అన్నీ చూస్తుంది. ఒక పూట గడిచేసరికి బాపునూ, బాపు చుట్టూ తిరిగే నన్నూ కనిపెట్టేశాడు. అవ్వ నీళ్ళకు పోయినప్పుడు వాకిట్లో ఇద్దరూ మాట్లాడుకున్నారు, మాట్లాడుకోవడమేమిటి, కొట్లాడుకున్నారు. ఒక చేత్తో తట్టి ఇంకో అరచెయ్యి కప్పుకు ఆనిస్తే డొల్ల ఉన్నదీ లేనిదీ తన చేతికే తెలుస్తుందని బాపు వాదన.

"కొట్టినప్పుడు చెయ్యి చెప్తది, ఒప్పుకుంట," అన్నాడు తాతయ్య, బాపుకు పెదవులు కనబడేటట్టు ఎదురుగా నిలబడి. "కూలేటి ముందు కప్పు చిటపటమంటది సూడు, గది ఎవలు చెప్తరు నీకు?"

బాపు చొక్కా వేసుకుని బయటికి పోయాడు.

మర్నాడు సోమవారం. బాపు డ్యూటీలో ఉన్నాడు. తాతయ్య నన్ను పిలిచి, ఒక ఆట ఆడదాం రమ్మన్నాడు. మూటలోంచి పత్తి తీసి నా రెండు చెవుల్లో కుక్కి, పైనుంచి తువ్వాలతో బిగించి కట్టి, గోడ వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టి పల్లికాయలు ఒలవమన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఒలుస్తూ, నాలుగు గింజలు నోట్లో వేసుకుంటూ కూర్చున్నాను. లోకమంతా నిద్రపోయినట్టు హాయిగా ఉంది. ఉన్నట్టుండి నా వీపుకు బుస్సున గాలి తగిలింది, కింద నేల అదిరింది. తిరిగి చూస్తే నిలబెట్టి ఉన్న ఇనుప మంచం నాకు జానెడు దూరంలో బోర్లా పడి ఉంది. అవ్వ వంటింటి గుమ్మంలో నోరు తెరిచి అరుస్తోంది. ఆ అరుపు కూడా నాకు వినపడలేదు.

తాతయ్య తువ్వాల విప్పి పత్తి తీశాడు. "మూడుమార్లు పిలిచిన బిడ్డా, లెవ్వు లెవ్వు అని. నువ్వు పల్లికాయ తింటనే ఉన్నవ్," అన్నాడు. నేను గట్టిగా ఏడ్చాను. మంచం పడినందుకు కాదు. పల్లికాయ నములుతూ కూర్చున్నది బాపులాగా కనబడి ఏడ్చాను. అవ్వ మాత్రం, ముసలాయనకు మతి పోయిందని, పిల్లను చంపేసేవాడని తిట్టుకుంటూ మంచం ఎత్తి పెట్టింది.

ఆమె లోపలికి పోయాక తాతయ్య నెమ్మదిగా చెప్పాడు. తన మాట అల్లుడికి పౌరుషానికి తగులుతుందనీ, కూతురి మాట అయితే వింటాడనీ, తను ఊరికి పోయాక, నీకు వినబడడం లేదు బాపూ, బాయి దిగకు అని నేనే ముఖం మీద చెప్పాలనీ అన్నాడు. తర్వాత తనకు తానే ధైర్యం చెప్పుకున్నట్టు, "ఎట్లయినా మెడికల్ల డాక్టర్ పట్టుకుంటడు తీ. గంతదాంక ఫికర్ లేదు," అన్నాడు.

మెడికల్ అయిపోయిందనీ, డాక్టరును నేనే మోసం చేశాననీ ఆ క్షణం చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. తాతయ్య కళ్ళలో నేను చెడ్డపిల్లనైపోతానని మింగేశాను. సరే అని తలూపాను. తాతయ్య నిశ్చింతగా మంగళవారం పొద్దున్నే బస్సెక్కి వెళ్ళిపోయాడు.

మంగళవారం సాయంత్రం బాపు వచ్చాడు. స్నానం చేసి, కళ్ళ చుట్టూ కాటుకలాగా బొగ్గు మిగిలిన ముఖంతో నవ్వుతూ కూర్చున్నాడు. చెప్దామని మూడుసార్లు ఆయన ముందుకు వెళ్ళాను. ఒకసారి మంచినీళ్ళిచ్చి వచ్చాను. ఒకసారి జడ వేసుకోమన్నాడు. మూడోసారి అన్నం పిలుపొచ్చింది. రేపు చెప్పొచ్చులే అనుకున్నాను.

బుధవారం పదకొండు గంటలకు సైరన్ కూసింది. అది కూయాల్సిన వేళ కాదు. బడిలో ఒక్క క్షణం అందరూ బిగుసుకుపోయి, తర్వాత ఒక్కసారిగా లేచాం. పంతులమ్మ ఆపలేదు, ఆమె పెనిమిటి కూడా లోపలే ఉన్నాడు. బాయి గేటు దగ్గర అప్పటికే ఆడవాళ్ళు గుంపులు గుంపులు. కొందరి చేతులకు ఇంకా పిండి ఉంది. ఎవరికి ఏమైందో ఎవరూ చెప్పడం లేదు. నేను జనం కాళ్ళ మధ్య నుంచి దూరి ముందుకు పోయి, ఇనుప కమ్మీలు పట్టుకుని, మళ్ళీ వెనక్కి అవ్వ దగ్గరికి వచ్చి, మళ్ళీ ముందుకు పోయి, ఎన్నిసార్లు తిరిగానో తెలియదు.

చివరికి స్ట్రెచర్ పైకి వచ్చింది. దాని మీద పక్కింటి మామ. కుడి పాదానికి చుట్టిన గుడ్డ నల్లగా తడిసి ఉంది. పక్కన మా బాపు నడుస్తున్నాడు, ఒంటికి చిన్న గీత కూడా లేకుండా. నా ప్రాణం లేచి వచ్చింది. సంతోషించాను, దాచుకోవడం దేనికి? అత్త, అంటే మామ భార్య, బాపు చెయ్యి పట్టుకుని ఏమైంది అన్నా ఏమైంది అని అరుస్తోంది. బాపు ఆమెను చూడడం లేదు. స్ట్రెచర్ వైపే చూస్తూ నడుస్తున్నాడు. అంత పెద్ద ఏడుపు ఆయనకు వినబడడం లేదని ఆ గుంపులో నాకొక్కదానికే తెలుసు.

మంచిర్యాల పెద్ద దవాఖానలో మామ పాదం తీసేశారు. కప్పు చిటపటమనగానే అందరూ బయటికి పరుగెత్తారట. మామ కూడా వచ్చేశాడట, మళ్ళీ వెనక్కి పోయాడట. ఎందుకు పోయావని ఆఫీసరు అడిగితే తువ్వాల మరిచిపోయానని చెప్పాడు. తువ్వాల కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని బస్తీ అంతా మామను తిట్టింది. బాపు మూలన కూర్చుని గోడ చూస్తున్నాడు. మామ అట్ల చెప్పడంతో బాపు చెవుల సంగతి బయటపడలేదు, నాలుగు రోజులైతే బాపు మళ్ళీ బాయి దిగుతాడు.

గురువారం నేను బడికి పోలేదు. సరాసరి డాక్టరు గదికి పోయాను. నా వేళ్ళ సంగతి మొత్తం చెప్పాను. ఆయన ముందు నమ్మలేదు. ఏడు అనండి సార్, ఇట్ల చాపాను అని బల్ల మీద కూర్చుని చూపిస్తే ఆయన ముఖం పాలిపోయింది. ఆ సాయంత్రమే బాపును ఒక్కడినే పిలిపించి తలుపు మూసి పరీక్ష చేశారు. తర్వాత బాయి పైన, లోపలికి దిగేవాళ్ళకు లైట్లు ఇచ్చే గదిలో పని ఇచ్చారు. క్వార్టర్ పోలేదు. అన్ని రోజులు మేము భయపడినదేదీ జరగలేదు. బాపు మాత్రం ఉగాది దాకా నాతో మాట్లాడలేదు. కోపమో సిగ్గో నాకు ఇప్పటికీ తెలియదు.

మామను ఇంటికి తెచ్చాక అవ్వ ఒక గిన్నెలో కూర పోసి నాతో పంపింది. మామ లోపల నిద్రపోతున్నాడు. అత్త గిన్నె తీసుకుని గుమ్మంలోనే కూర్చుంది, నన్నూ కూర్చోమంది.

"నీ బాపుకు ఇనరాదని మా ఆయనకు ఏడాది సంది ఎరుకనట," అంది. "కప్పు చిటపటమన్నప్పుడల్ల అంగి పట్టుకోని గుంజుతుండెనట. గా దినం గూడ గుంజుకచ్చేటందుకే ఎనక్కి పోయిండట. ఎవ్వలికి చెప్పలే. నీకు ఎప్పటిసంది ఎరుక బిడ్డా?"

"వానకాలం సంది," అన్నాను.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గిన్నె మూత సర్దుతూ, "నాకొక్కదానికే ఎవ్వలు చెప్పలే," అంది. లేచి వెళ్ళి, ఖాళీ గిన్నె పంపకూడదని అందులో గుప్పెడు బెల్లం వేసి నా చేతికిచ్చింది.

వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. నాకు తొందర ఎక్కువనీ, నోట్లో నువ్వుగింజ నానదనీ మా కోడలు అంటుంది. పోయిన నెల మా వీధి స్కూలు ఆటో నడిపే అతనికి ఒక కన్ను సరిగ్గా కనబడదని తెలిసి, వద్దంటున్నా వినకుండా ముందు అతనికే ముఖం మీద చెప్పి, ఆపైన పిల్లల్ని ఎక్కించే ప్రతి తల్లికీ చెప్పి వచ్చాను. అతను నన్ను చూస్తే ముఖం తిప్పుకుంటున్నాడు, పాపం మంచివాడే. దాచేవాళ్ళందరూ మంచివాళ్ళే, ఎవరో ఒకరి మేలు కోరే దాస్తారు. నాకు మాత్రం వాళ్ళ ముఖాలు గుర్తుకు రావు. ఏమీ తెలియకుండా గుమ్మంలో కూర్చున్న ఇంకో మనిషి ఎక్కడో ఉంటుందనిపిస్తుంది. ఆమె ఎవరో వెతికి, ఆమె చెవిన వేసి వచ్చేదాకా నాకు కూర్చోబుద్ధి కాదు.