బాపును టీవీలో చూపించిన వైనం

టీవీకి నేను తీసిన మొదటి సినిమా అరగంటది. మందమర్రి బొగ్గుబాయి కార్మికుల మీద. దానికి నాకొక మెచ్చుకోలు పత్రం కూడా ఇచ్చారు. అదిప్పుడు ఏ పెట్టెలో ఉందో నాకు తెలీదు, వెతకను కూడా.

అంతకుముందు పదేళ్లు మద్రాసులో సహాయ దర్శకుడిని. అంటే క్లాప్ కొట్టడం, తిట్లు తినడం. బాపు, అంటే మా నాన్న, ఆ మందమర్రి బాయిలోనే బొగ్గు కొట్టేవాడు. చుట్టాల్లో ఆయన పేరు 'సినిమా పిచ్చోడి తండ్రి'. ఆ పేరు పెట్టిన పుణ్యాత్మురాలు హుస్నాబాద్‌లో ఉండే మా మేనత్త, బాపుకు సొంత అక్క. ఎవరేమన్నా ఆయన మాత్రం, "నా కొడుకు సినిమా తీస్తడు, సూస్తుండుండ్రి" అనేవాడట. పదేళ్లూ ఆ ఒక్క మాట మీదే నిలబడ్డాడు.

నేను కెమెరాతో దిగగానే అత్తకు కబురు వెళ్లిపోయింది. "జర నన్ను మంచిగ సూపియ్యి బిడ్డా. అక్క సూడాలె" అన్నాడు బాపు. జన్మలో ఆయన నన్నడిగింది అదొక్కటే.

షిఫ్టు దిగి బాయిలోంచి పైకి వచ్చే దృశ్యం తీయాలి. పదిమంది చాలన్నాను. ఇరవైమంది వచ్చారు. నున్నగా గీసిన గడ్డాలు, తలకు నూనె, ముఖానికి పౌడరు, పెళ్లిళ్లకు వేసుకునే టెర్లిన్ చొక్కాలు. అందరికంటే ముందు బాపు, చెవిలో అత్తరు దూది పెట్టుకుని. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇదేమన్న పెండ్లా? పోయి పని బట్టలేస్కోని రాండ్రి!" అని అరిచాను.

పాపం, వెళ్లి మార్చుకొచ్చారు. పౌడరు మాత్రం అలాగే ఉంది. తట్టెడు బొగ్గుపొడి తెప్పించి అందరికీ పూయించాను. బాపుకు నేనే పూశాను.

"గిట్లయితే నన్ను ఎవలు గుర్తుపడ్తరు బిడ్డా?"

"నేను గుర్తుపడ్త. నువ్వు కదలకు."

ఆయన కళ్లు మూసుకుని నిలబడ్డాడు. షాటు అద్భుతంగా వచ్చింది. ఇరవై నల్లటి ముఖాలు, ఇరవై టోపీ దీపాలు. కెమెరా ఆయన నా వీపు తట్టాడు, నేను ఉబ్బిపోయాను.

టీవీలో వేసింది ఒక ఆదివారం సాయంత్రం. మా క్వార్టర్లో కాలు పెట్టే సందు లేదు, హుస్నాబాద్ నుంచి అత్త కూడా వచ్చింది. అవ్వ, అంటే మా అమ్మ, సర్వపిండి చేసి పంచింది. బాపు ఆ టెర్లిన్ చొక్కాయే వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆ దృశ్యం రాగానే అత్త కళ్లద్దాలు సర్దుకుని టీవీకి ముక్కు ఆనించినంత పని చేసింది.

"ఏడిరా నా తమ్ముడు?"

అవ్వ కూడా వెతుకుతోంది. అందరూ నా వైపు చూశారు. తీసింది నేను, కత్తిరించి అతికించింది నేను, వందసార్లు చూసింది నేను.

"గా మూడో ఆయన" అన్నాను.

అప్పుడే వరుసలో చివరి మనిషి భుజం మీది గళ్ల తువ్వాలు తీసి ముఖం తుడుచుకోబోయాడు. షాటు చెడుతోందని అక్కడ కత్తిరించింది కూడా నేనే. ఆ తువ్వాలు మా ఇంట్లో దండెం మీద, నా కళ్లెదుటే వేలాడుతోంది. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

అత్త గుమ్మం వైపు తిరిగింది. "గా మూడో ఆయన నువ్వేనారా తమ్మి?"

"ఔ అక్కా, నేనే" అన్నాడు బాపు. "మంచిగ తీసిండు కదా?"